‘గాలివాన’లో ఆస్తికత: నియమం నుంచి సన్నిధికి

ఉపోద్ఘాతం

పాలగుమ్మి పద్మరాజు (1915–1983) రచించిన ‘గాలివాన’ 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన ప్రపంచ కథానికల పోటీలో ద్వితీయ బహుమతి పొందింది. ఆ గుర్తింపుతో కథకు విస్తృతమైన పాఠకలోకం ఏర్పడింది. దానితో పాటే ఒక స్థిరమైన వ్యాఖ్యానమూ ఏర్పడింది. నియమబద్ధుడైన ఒక పెద్దమనిషి ప్రకృతి బీభత్సంలో తన సిద్ధాంతాలను కోల్పోయి మానవత్వాన్ని గ్రహించాడన్నది ఆ వ్యాఖ్యాన సారాంశం. ఇది అసత్యం కాదు, కాని అసంపూర్ణం. వృత్తిరీత్యా న్యాయవాది అయిన రావుగారు ఈ ప్రయాణం చేస్తున్నది ఆస్తిక సమాజం ఆహ్వానంపై ఉపన్యసించడానికి. కథకుడు ఎంచుకున్న ఈ ప్రయాణకారణాన్ని కథావస్తువులో అంతర్భాగంగా గ్రహిస్తే, ‘గాలివాన’ విశ్వాసానికీ సంశయానికీ సంబంధించిన కథగా కనిపిస్తుంది. ఆ దృష్టితో కథను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

ఆస్తిక శబ్దం – సమకాలీన నేపథ్యం

‘ఉన్నది’ అనే అర్థమిచ్చే ‘అస్తి’ నుంచి ఆస్తిక శబ్దాన్ని పాణిని వ్యుత్పాదించాడు. ఉన్నదని భావించేవాడు ఆస్తికుడు. లేదని భావించేవాడు నాస్తికుడు. ఉన్నదేమిటన్న ప్రశ్నకు దర్శనాలు ఒకే సమాధానం చెప్పలేదు. జగత్కర్తయైన ఈశ్వరుని అంగీకరించని పూర్వమీమాంస కూడా వేదప్రామాణ్యాన్ని అంగీకరించినందువల్ల ఆస్తిక దర్శనంగానే పరిగణన పొందింది. అందుచేత మన సంప్రదాయంలో ఆస్తికత అంటే దైవంపై నమ్మకం మాత్రమే కాదు. ఒక ప్రమాణానికి, విధినిషేధాల వ్యవస్థకు కట్టుబడి ఉండడం కూడా.

ఈ కథ వెలువడిన కాలానికి ఆంధ్రదేశంలో ఆస్తిక నాస్తిక వాదాలు పండిత చర్చలకే పరిమితమై లేవు. గోరా 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో ప్రారంభించిన నాస్తిక కేంద్రం 1947లో విజయవాడకు మారింది. ఎం.ఎన్. రాయ్ నవ్య మానవవాదం తెలుగు విద్యావంతులను ఆకర్షించింది. పద్మరాజు ఆ భావాల ప్రభావం పొందిన రచయిత. కాబట్టి ‘గాలివాన’ను ఆస్తికతపై మానవవాదం సాధించిన విజయంగా చదవడం సులభం. అయితే రచయిత అభిప్రాయాన్ని కథకు తాళంచెవిగా వాడడానికి ముందు, కథ ఆ వ్యాఖ్యానాన్ని ఎంతవరకు అనుమతిస్తుందో చూడవలసి ఉంది.

రావుగారి విశ్వాసం

రావుగారి జీవితంలో ప్రతి విషయానికీ ఒక నియమం ఉంది. కుటుంబం, క్రమశిక్షణ, మర్యాద అన్నీ ఆయన ముందుగా నిర్ణయించుకున్న విలువల ప్రకారం నడుస్తాయి. రైలుపెట్టెలోకి వచ్చిన బిచ్చగత్తెకు ఆయన ఏమీ ఇవ్వకపోవడానికి కారణం లోభం కాదు, సిద్ధాంతం. తోటి ప్రయాణికులకు క్షణకాలపు వినోదమో జాలో కలిగించిన మనిషి ఆయనకు మాత్రం ఖండించవలసిన ఒక సామాజిక దురాచారం. మనిషికంటె ముందు వర్గీకరణ కనిపించడం ఈ విశ్వాసపు ప్రధాన లక్షణం.

కథనం దాదాపు పూర్తిగా రావుగారి దృష్టికోణాన్ని అనుసరిస్తుంది. ‘గారు’ అనే గౌరవవాచకం ఆయనను విడువదు. ఆమెకు పేరే లేదు. పాఠకుడు ఆయన నియమాలను లోపలినుంచి చూస్తాడు కనుక ఆయనను కపటిగా కొట్టివేయలేడు. నమ్మినదానిని నిష్ఠగా ఆచరిస్తున్న మనిషి ఆయన. ఆ విశ్వాసంలో లోపించినవి రెండు: భయం, ఆశ్రయం. తాను నిస్సహాయుడనన్న అనుభవం లేకుండా ఏర్పడిన ఆస్తికత అది. తర్కానికి నిలబడుతుంది, ఉపన్యాసానికి పనికివస్తుంది. దానిపై వాలి నిలబడవలసిన అవసరం ఆయనకు అంతవరకు రాలేదు.

తుఫాను రాత్రి

స్టేషన్లో దిగిన తర్వాత ఆ అవసరం వస్తుంది. గాలివాన ఆయన వాదాన్ని ఖండించదు. వాదానికి ఆధారమైన భద్రతను తొలగిస్తుంది. చీకటి, చలి, కూలిపోతున్న కట్టడం, ఒంటరితనం ముందు విలువల పట్టికకు చేయగల పని లేదు. అప్పుడు ఆయనకు కావలసింది మరొక ప్రాణి దగ్గర ఉండడం మాత్రమే. తాను తిరస్కరించిన స్త్రీ వెయిటింగ్ రూములో ఆయనకు ధైర్యం చెబుతుంది. ఆమె దేహపు వెచ్చదనాన్ని ఆశ్రయించి ఆయన నిద్రపోతాడు.

ఈ ఘట్టంలో ‘అస్తి’ అనే మాట మూలార్థానికి తిరిగి వస్తుంది. ఏమి ఉన్నదో నిరూపించగల పండితునికి, ఎవరో ఒకరు ఉన్నారన్న స్పర్శ చాలిన రాత్రి అది. ఆయన నాస్తికుడైనట్లు కథ ఎక్కడా సూచించదు. ప్రమాణంలో నిలిచిన ఆస్తికత సన్నిధిలోకి దిగింది. సంశయం ఇక్కడ దైవాస్తిత్వాన్ని గురించినది కాదు. ఇన్నాళ్లు తాను విశ్వాసమనుకున్నది నిజంగా విశ్వాసమేనా అన్నది.

సోమర్సెట్ మామ్ 1921లో ప్రచురించిన ‘రెయిన్’ కథతో పోలిక ఈ అంశాన్ని స్పష్టం చేస్తుంది. అక్కడా ఎడతెగని వాన, ఒక చోట చిక్కుకున్న ప్రయాణికులు, పతితగా ముద్రపడిన స్త్రీ, ఆమెను సంస్కరించబూనిన మతప్రచారకుడు ఉన్నారు. మామ్ కథలో నిగ్రహం కామానికి లొంగి ఆత్మహత్యతో ముగుస్తుంది. అది ముసుగు తొలగించే కథ. పద్మరాజుకు ముసుగు తొలగించడంలో ఆసక్తి లేదు. స్త్రీ దేహసామీప్యం రావుగారి పతనానికి హేతువు కాలేదు, శరణమైంది. సందర్భాలు ఇంత దగ్గరగా ఉన్నా కథల దిశలు భిన్నమైనవి.

పర్సు: మూడు చర్యలు

కథకు పరీక్షాఘట్టం తెల్లవారిన తర్వాత వస్తుంది. రావుగారు మేల్కొనేసరికి ఆమె లేదు, పర్సూ లేదు. అనంతరం టికెట్ల గది వద్ద శిథిలాల కింద ఆమె మృతదేహం కనిపిస్తుంది. ఆయన పర్సు, స్టేషన్ సొమ్ము ఆమె వద్దనే ఉన్నాయి. రాత్రి కాపాడిన చేతులే దొంగిలించాయి. ఆమెను దేవతగా మార్చి రావుగారి పరివర్తనను సులభం చేసే అవకాశాన్ని రచయిత ఇక్కడ బుద్ధిపూర్వకంగా వదులుకున్నాడు. పవిత్రమైన పాత్రను మాత్రమే గౌరవించగల విశ్వాసం ఈ దృశ్యం ముందు నిలవదు. రావుగారు మాత్రం ఆమెకోసం విలపిస్తారు.

తర్వాత ఆయన చేసిన పనులు మూడు. స్టేషన్ సొమ్మును దాని స్థానంలో పెట్టారు. తన పర్సును ఆమె వద్దనే ఉంచారు. దానికి ముందు తన పేరున్న కార్డులను అందులోంచి తీసివేశారు. మొదటి చర్యలో పాత నియమం సజీవంగానే ఉంది. సర్కారు సొమ్ము సర్కారుకు చేరవలసిందే. రెండవ చర్యలో ఆ నియమం ఆగిపోయింది. బిచ్చమివ్వని మనిషి అడగకుండానే ఇచ్చాడు. మూడవ చర్య ద్వ్యర్థి. పేరు తొలగితే ఆమెపై దొంగతనం ముద్ర పడదు. పేరు తొలగితే ఆయన పరువుకూ భంగం ఉండదు. మన సంప్రదాయం కొనియాడిన గుప్తదానానికి, లోకభీతికి ఇక్కడ బాహ్యరూపం ఒక్కటే.

మానవత్వ విజయమన్న స్థిరవ్యాఖ్యానం ఈ మూడవ చర్య వద్ద చాలకుండా పోతుంది. పుచ్చుకోవలసిన మనిషి మరణించిన తర్వాత అందిన దానం అది. దానికి సాక్షి లేడు. ఇంటికి చేరిన రావుగారు ఎలా జీవిస్తారో కథ చెప్పదు. పరివర్తన యథార్థమైనదే, దాని ఆయుర్దాయం సందేహాస్పదం.

ముగింపు

గురజాడ ‘మీ పేరేమిటి?’ (1910) మతవిశ్వాసాన్ని శైవ వైష్ణవ వర్గాల బహిరంగ వివాదంగా చిత్రించింది. నాలుగు దశాబ్దాల తర్వాత ‘గాలివాన’ ఆ వివాదాన్ని ఒకే వ్యక్తి అంతరంగంలోకి తెచ్చింది. ఆస్తికుణ్ణి ఓడించి నాస్తికుణ్ణి గెలిపించడం దాని ఉద్దేశంగా కనిపించదు. మరొక మనిషి ఉనికిని గుర్తించని ఆస్తికత తన శబ్దార్థానికే దూరమవుతుందన్నది కథ నుంచి తేలే ప్రతిపాదన.

బిచ్చగత్తె రైలుపెట్టెలోకి ప్రవేశించగలిగినందువల్లనే ఈ కథ సాధ్యమైంది. పుప్పాలగూడ వంటి ప్రాంతాలలో కాపలా ద్వారాల వెనుక వెలసిన నేటి నివాస సముదాయాలలో ఆ ప్రవేశానికే చోటు తక్కువ. నియమం భద్రతగా, భద్రత విశ్వాసంగా చలామణి అయ్యే చోట రావుగారి మొదటి స్థితి ఒక గతకాలపు పెద్దమనిషి చాదస్తంగా మిగలదు. ‘గాలివాన’ను బహుమతి కథగా, తుఫాను వర్ణనకు నమూనాగా బోధించడంతో ఆగక, ఆ మూడవ చర్యలోని సంశయాన్ని తరగతి గదిలో తెరిచి ఉంచవలసిన అవసరం అందువల్ల ఉంది.