‘జీరో-డ్రిఫ్ట్’: పదార్థ విచారం, ఎంపిక విమర్శ – ముంచింగిపుట్టు సంత తూకం ఆధారంగా

వ్యాససంగ్రహం: ఎలక్ట్రానిక్ తూకపు యంత్రంలో లోడ్‌సెల్ సంకేతాన్ని పెంచడానికి ‘జీరో-డ్రిఫ్ట్’ ఆపరేషనల్ ఆంప్లిఫయర్‌ను ఎంచుకోవడం పరిపాటి. ఆ పేరు కలిగించే భ్రమనూ, దాని వల్ల ఎంపికలో దొర్లే లోపాలనూ ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: జీరో-డ్రిఫ్ట్, ఆంప్లిఫయర్, లోడ్‌సెల్, ఉష్ణోగ్రత, తూకం, ముంచింగిపుట్టు.

1. ప్రవేశిక

అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఒడిశా సరిహద్దున ఉన్న మండలకేంద్రం ముంచింగిపుట్టు. పసుపు, మిరియాలు, రాజ్‌మా, కాఫీ వంటి పంటలకు ఇక్కడి గిరిజన రైతు పొందే ప్రతిఫలం కాటా చూపిన అంకె మీదే ఆధారపడుతుంది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొన్నా, వ్యాపారి కొన్నా కొలమానం అదే. ఎత్తైన ఈ మన్యంలో శీతకాలపు వేకువ చలికీ, మధ్యాహ్నపు ఎండకూ మధ్య 15 డిగ్రీల సెల్సియస్ తేడాను లెక్కకు తీసుకోవడం అసంగతం కాదు. కాబట్టి ఆంప్లిఫయర్ ఎంపిక కేవలం సాంకేతిక విషయం కాదు. రైతు రాబడికి సంబంధించిన విషయం.

2. పదవిచారం

‘జీరో-డ్రిఫ్ట్’ను ‘శూన్యభ్రంశం’ అని తెలుగు చేస్తే రెండు విగ్రహవాక్యాలు సాధ్యం. ‘శూన్యం యొక్క భ్రంశం’ అన్నది షష్ఠీ తత్పురుషం. కొలత పరికరాల శాస్త్రంలో ఇది ఒక దోషానికి పేరు. ‘శూన్యమైన భ్రంశం కలది’ అన్నది బహువ్రీహి. ఆంప్లిఫయర్ తయారీదారుల వాడుకలో ఇది ఒక గుణానికి పేరు. ఒకే మాట ఒకచోట దోషాన్ని, మరొకచోట ఆ దోషరాహిత్యాన్ని చెబుతోంది. రెండవ అర్థం కూడా అతిశయోక్తే. చాపర్ పద్ధతిలో సంకేతపు ధ్రువాలను మార్చి మార్చి పెంచి, తిరిగి యథాస్థితికి తెస్తారు. ఆటో-జీరో పద్ధతిలో ఆంప్లిఫయర్ తన ఆఫ్‌సెట్‌ను తానే కొలిచి తీసివేస్తుంది. రెండింటిలోనూ భ్రంశం మిక్కిలి తగ్గుతుందే తప్ప శూన్యం కాదు. ‘అల్పభ్రంశం’ అన్న మాటే వాస్తవానికి దగ్గర.

3. సంఖ్యల సాక్ష్యం

వోల్టుకు 2 మిల్లీవోల్టుల సంకేతమిచ్చే 100 కిలోల లోడ్‌సెల్‌కు 5 వోల్టులు ఇస్తే పూర్తి బరువుకు వచ్చేది 10 మిల్లీవోల్టులే. అంటే గ్రాముకు 0.1 మైక్రోవోల్టు. సాధారణమైన ఎల్‌ఎం358 భ్రంశం డిగ్రీకి సుమారు 7 మైక్రోవోల్టులు. 15 డిగ్రీలకు 105 మైక్రోవోల్టులు, తూకంలో కిలోకు పైగా తేడా. ఓపీఏ333 భ్రంశం గరిష్ఠంగా డిగ్రీకి 0.05 మైక్రోవోల్టు. అదే మార్పుకు దాని తేడా 7.5 గ్రాములే. ఈ పోలికతో వాదం ముగిసినట్టే కనిపిస్తుంది. లోపం ఇక్కడే ఉంది.

4. ఎంపికలో విస్మృతాంశాలు

మొదటిది రొద. 0.1 నుంచి 10 హెర్ట్జ్ పరిధిలో ఓపీఏ333 రొద శిఖరం నుంచి శిఖరానికి సుమారు 1.1 మైక్రోవోల్టు, అంటే 11 గ్రాములు. సగటు తీయడం ద్వారా దీన్ని తగ్గించవచ్చు గాని, 15 డిగ్రీల భ్రంశం కన్నా ఇదే ఎక్కువన్నది గమనార్హం. ఏడీఏ4528లో రొద ఇందులో పదోవంతు కన్నా తక్కువ. ఓపీఏ333 కేవలం 17 మైక్రోఆంపియర్లతో నడుస్తుందన్న ప్రశంస కూడా ఇక్కడ పొసగదు. 350 ఓముల లోడ్‌సెల్ ఒక్కటే 5 వోల్టుల వద్ద 14 మిల్లీఆంపియర్లు తీసుకుంటుంది. బ్యాటరీని ఖాళీ చేసేది లోడ్‌సెల్లే.

రెండవది లోహసంధి. రాగి, కోవార్ కలిసేచోట డిగ్రీకి సుమారు 40 మైక్రోవోల్టులు పుడతాయి. అటువంటి రెండు సంధుల మధ్య 0.1 డిగ్రీ తేడా ఉన్నా 40 గ్రాముల దోషం. ఎండ ఒక పక్కనే పడే కాటాలో ఇది అసంభవం కాదు.

మూడవది వృద్ధి. జీరో-డ్రిఫ్ట్ గుణం సున్నాను కాపాడుతుంది, వృద్ధిని కాదు. నిరోధాల నిష్పత్తి డిగ్రీకి పది లక్షలకు 25 భాగాలు మారితే, 15 డిగ్రీలకు 100 కిలోల బరువులో 37.5 గ్రాముల తేడా వస్తుంది.

దీనికొక ఆక్షేపణ ఉంది: ప్రతి తూకానికీ ముందు ఖాళీ పళ్లెం మీద సున్నా మీట నొక్కితే చవక ఆంప్లిఫయర్ చాలదా? భ్రంశం వరకు ఆ ఆక్షేపణ చాలా మేరకు సబబే. అయితే బస్తా మీద బస్తా వేసి తూచేటప్పుడు పళ్లెం ఖాళీగా ఉండదు. పైగా వృద్ధిదోషాన్ని ఏ సున్నా మీటా సరిచేయదు. తెలిసిన బరువుతో సరిచూడవలసిందే.

5. ముగింపు

ఆంప్లిఫయర్ ఎంపిక పేరుతో కాక దోషాల పట్టికతో మొదలుకావాలి. భ్రంశం, రొద, లోహసంధి, వృద్ధి – అన్నింటినీ గ్రాములలోకి మార్చి, పెద్దదాన్ని ముందుగా తగ్గించాలి. ఈ లెక్కలో జీరో-డ్రిఫ్ట్ ఆంప్లిఫయర్ అవసరమే, కాని చాలినది కాదు. దోషం రైతుకు లాభంగానో నష్టంగానో ఎటైనా మొగ్గవచ్చు. తెర మీది అంకెను సరిచూసుకునే సాధనం మాత్రం అతని చేతిలో లేదు. ఆ బాధ్యత యంత్రాన్ని రూపొందించేవారిదే.