వన్స్‌మోర్ అన్న చోట

పోయిన వారం పెనుగంచిప్రోలులో మా దూరపు బంధువుల పెళ్లి. భోజనాలయ్యాక ఊరేగింపు బయల్దేరింది. ట్రాక్టరు తొట్టిలో నిలువెత్తు బాక్సులు, పైన తిరిగే రంగు లైట్లు, వెనక జనరేటరు. డీజే కుర్రాడు ఒక పాత పాట ఎత్తుకున్నాడు. నాకు ప్రాణమైన పాట. పల్లవి అయింది, చరణం కోసం చెవి రిక్కించాను. చరణం రాలేదు, ఇంకో పాట వచ్చింది. దాని పల్లవి అవగానే మరోటి. అమ్మవారి గుడి వీధి మలుపు తిరిగేసరికి పదిహేను పాటలు అయిపోయాయి, ఒక్క చరణమూ వినలేదు.

ఈ కాలమ్ చదివేవారికి నా పట్టు కొత్త కాదు. పల్లవి గుమ్మం, చరణం ఇల్లు అని ఎన్నిసార్లు రాశానో మీకే తెలుసు. టీవీ పోటీల్లో పిల్లల చేత ఒక్క చరణమే పాడిస్తున్నారని రాశాను. ఎఫ్ఎం రేడియో రెండో చరణం మింగేస్తోందని రాశాను. డీజేలను ఊళ్లలోకి రానివ్వకూడదనీ రాశాను. జనరేటరులో డీజిల్ పోయడానికి బండి ఆగినప్పుడు ఆ కుర్రాడి దగ్గరికి వెళ్లింది నాలుగు మాటలు అందామనే.

"పాటలన్నీ ఎందుకిలా కోసేస్తున్నావు నాయనా?"

అతను కోపగించుకోలేదు. హెడ్‌ఫోన్ తీసి నా చెవికి పెట్టాడు. "ఇది వినండి బాబాయ్ గారూ. జనానికి ఇంకా వినపడని పాట ఇది."

అలా తెలిసింది ఆ పని ఏమిటో. ఒక పాట బాక్సుల్లో మోగుతుంటే, రాబోయేది అతని ఒక్క చెవిలో నడుస్తుంటుంది. ఒకటి నిమిషానికి 96 దెబ్బలు, రెండోది 102 అనుకోండి. వేగం మీట జరిపి రెండోదాన్ని మొదటిదాని నడకలోకి తేవాలి. ఆ పని చేసిపెట్టే బటన్ ఉంది. కానీ ఇప్పటి కంప్యూటర్ పాటలకు పనికొచ్చినంతగా అది పాతవాటికి పనికిరాదు. వాయిద్యాల వాళ్లంతా ఒక హాల్లో కూర్చుని వాయించిన పాటలవి. మనుషుల చేతులు కదా, ఒకచోట కాస్త పరుగెత్తుతాయి, ఒకచోట కాస్త నిలుస్తాయి. అక్కడ బటన్ వదిలేసి వేలితోనే పట్టుకోవాలి.

దానికంటే కష్టమైనది నడకలు వేరైనప్పుడు. మన డప్పు పాటల్లో, జానపదాల్లో ఎక్కువగా వినిపించేది తిశ్రం, మూడేసి మాత్రల ఊపు. ఆస్కార్ తెచ్చిన 'నాటు నాటు'ను కీరవాణి గారు కట్టింది ఆ ఊపులోనే, ఆరు మాత్రల నడకలో. మామూలు సినిమా డాన్సు పాట ఎక్కువగా చతురశ్రం, నాలుగేసి మాత్రల నడక. ఈ రెంటినీ ఎలా కలుపుతావని అడిగాను. పెద్ద దెబ్బ మీద పెద్ద దెబ్బ పడాలట. లోపల మూడు ఉన్నా నాలుగు ఉన్నా అడుగు వేసేవాడికి పెద్ద దెబ్బే ముఖ్యం. అదీ కుదరని చోట రెండు పాటలూ తీసేసి ఒట్టి డప్పు ఎనిమిది లెక్కలు వదులుతాడు. ఆ ఖాళీలో జనం ఈలలు వేస్తారు. ఈలలు అయ్యేలోగా కొత్త పాట నడుస్తుంటుంది.

"చరణం మాటేమిటి?" అన్నాను.

"నేను చూసేది వాళ్ల కాళ్లు బాబాయ్ గారూ. చరణం వచ్చేసరికి ఆడేవాళ్లు నీళ్ల కోసం పక్కకు పోతారు. కాళ్లు ఆగకముందే మార్చాలి. ఆగాక మారిస్తే మళ్లీ లేవవు."

ఇంటికి వచ్చాక కూడా ఆ మాట వదల్లేదు. చాలా ఏళ్ల కిందటి ఒక రాత్రి గుర్తొచ్చింది.

అదే పెనుగంచిప్రోలు తిరునాళ్లకు మా తాత నన్ను బండి మీద తీసుకెళ్లాడు. ఊళ్లనుంచి ప్రభ బండ్లు వచ్చి నిలబడి ఉన్నాయి. పందిట్లో నాటకం. గోనెపట్టా పరుచుకుని కూర్చున్నాం. పేరుకు ఒక రాత్రి నాటకమే గానీ, ఆడింది తిరుపతి వేంకట కవుల 'పాండవోద్యోగం'లో రాయబారం, చిలకమర్తి వారి 'గయోపాఖ్యానం'లో యుద్ధం సీను, బలిజేపల్లి వారి 'సత్య హరిశ్చంద్రీయం'లో కాటి సీను. మూడు నాటకాల నుంచి మూడు ముక్కలు. రాయబారంలోనే ఇద్దరు కృష్ణులు, సగం ఒకరు, సగం ఇంకొకరు. ఎవరూ అదేమిటని అడగలేదు. ఎడ్ల బళ్లు కట్టుకుని వచ్చిందే అందుకు.

కృష్ణుడు పద్యం ఎత్తుకుని చివర రాగం తీశాడు. మా తాత పైపంచె ఎగరేసి "వన్స్‌మోర్!" అని అరిచాడు. పందిరంతా అరిచింది. కృష్ణుడు మళ్లీ పాడాడు. ఈసారి రాగం ఇంకా పొడుగు. మళ్లీ వన్స్‌మోర్. దుర్యోధనుడు కిరీటం సర్దుకుంటూ నిలబడే ఉన్నాడు. కథ ఎక్కడికీ కదల్లేదు, కదలాలని ఎవరికీ లేదు.

ఇన్నేళ్లూ నేను మరిచిపోయిన మనిషి ఒకాయన ఉన్నాడు అక్కడ. రంగస్థలం పక్కన హార్మోనియం ముందు కూర్చున్నాయన. మొదటి కృష్ణుడిది ఒక శ్రుతి, రెండో కృష్ణుడిది ఇంకో శ్రుతి. ఒకాయన లోపలికి పోతూ వదిలిన రాగాన్ని ఈయన వేళ్లమీదే ఉంచుకుని, నాలుగు మెట్లు తిప్పి, రెండో ఆయన శ్రుతిలోకి దించేవాడు. కొత్త కృష్ణుడు నోరు తెరిచేసరికి అతని శ్రుతి సిద్ధంగా ఉండేది. వాయిస్తున్నంతసేపూ తల ఎత్తి జనాన్ని చూస్తూనే ఉండేవాడు. వన్స్‌మోర్ వస్తుందో రాదో నటుడికంటే ముందు ఆయనకే తెలిసేది.

మళ్లీ డీజేల సంగతికి వస్తే, 1973 ఆగస్టు 11న న్యూయార్కులోని బ్రాంక్స్‌లో కూల్ హెర్క్ అనే కుర్రాడు చెల్లెలి పార్టీకి రికార్డులు వేశాడు. హిప్‌హాప్ పుట్టినరోజుగా చెప్పుకునేది ఆ రాత్రినే. పాటలో పాడటం ఆగి ఒట్టి డ్రమ్ములు మోగే చోట జనం ఎక్కువ ఆడుతున్నారని కనిపెట్టి, ఒకే రికార్డు రెండు కాపీలు రెండు యంత్రాల మీద పెట్టి, ఆ ముక్కనే మళ్లీ మళ్లీ వేయడం అతను నేర్చిన విద్య. మా తాత పైపంచె ఎగరేసి అడిగిందీ అదే. పాట మొత్తం కావాలన్న పట్టు నాకు తాతనుంచి వచ్చిందనుకునేవాణ్ణి. కాదు, క్యాసెట్టు కొనుక్కుని గదిలో ఒక్కణ్ణే కూర్చుని విన్న రోజుల్లో వచ్చింది. అలా వినేవాడికి చరణం కావాలి, నాకు ఇప్పటికీ కావాలి. నలుగురితో కలిసి వీధిలో ఆడేవాడికి కావలసింది వేరు.

డీజేలు వద్దన్న నా పాత మాట వెనక్కి తీసుకుంటున్నాను. చప్పుడు మీద మాత్రం నా మాట మారలేదు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ అని నిబంధన ఉంది. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు ఆపాలని 2005 జులై 18న సుప్రీంకోర్టు చెప్పింది. 2024లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. గుండెజబ్బు మనిషి ఉన్న ఇంటి ముందు కిటికీ అద్దాలు అదిరేలా బాక్సులు మోగించడం తప్పు. అది బాక్సులు పేర్చినవాడి తప్పు, పాటలు కలిపే చేతిది కాదు. ఆ చేతికి అంత చప్పుడు అక్కర్లేదు. హార్మోనియం ఆయనకు ఒక్క మైకు సరిపోయింది.

పెనుగంచిప్రోలు పెళ్లిలో ఆ రాత్రి ఊరేగింపు మండపం చేరాక డీజే బల్లను వంటశాల వైపు, షామియానా గుడ్డ వెనక వేశారు. కుర్రాడికి ఆడేవాళ్లు కనపడలేదు. ఒక అరగంట ఏదో వేశాడు. అడుగు కలవలేదు, జనం కుర్చీల్లోకి పోయారు. వచ్చి నాతో అన్న మాట ఒక్కటే: "మనుషులు కనపడాలి బాబాయ్ గారూ."

మాఘంలో, ఫాల్గుణంలో పెళ్లిళ్లు పెట్టుకున్నవారికి నా మనవి ఇది. రెండు బాక్సులు తగ్గించండి. పదింటికి ఆపించండి. ఆ అబ్బాయి బల్ల మాత్రం ఆడేవాళ్ల కాళ్లు కనపడే చోట వేయించండి.