‘జ్ఞా’ మీద పడ్డ నింద

మా ఊరి పేరు రాయండి: రొద్దం. కంటికి రెండక్షరాలే. ఫోన్‌కి మాత్రం ఆరు గుర్తులు: ర, ఒత్వం, ద, పొల్లు, ద, సున్నా. వాటిని కలిపి మనం చదివే ఆకారంగా కూర్చే ప్రోగ్రామ్ ఒకటి లోపల ఉంటుంది. అది సరిగ్గా నడిచినంతకాలం దాని సంగతి మనకు పట్టదు.

2018 ఫిబ్రవరిలో పట్టింది. ఐఓఎస్ 11.2.5 నడిచే ఐఫోన్‌కి ‘జ్ఞా’ అన్న అక్షరం ఒక పద్ధతిలో వస్తే చాలు, దాన్ని చూపించబోయిన యాప్ కుప్పకూలేది. లోకమంతా దానికి ‘తెలుగు బగ్’ అని పేరు పెట్టింది. మనమూ నవ్వుకుని ఊరుకున్నాం.

నిజానికి మామూలు ‘జ్ఞా’ ఏ ఫోన్‌నీ ఏమీ చెయ్యలేదు. ‘ఞ’కీ దాని దీర్ఘానికీ మధ్య కంటికి కనబడని గుర్తు ఒకటి ఇరుక్కుంటేనే గొడవ. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసినప్పుడు ‘ట’ కింద ‘వ’ ఒత్తు పడకుండా ఆపేది అదే. బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ ఇలాంటి వరసలు యాప్‌లని కూల్చాయని ప్రోగ్రామర్లు పరీక్షించి తేల్చారు. తప్పు మన అక్షరానిది కాదు, అక్షరాలు కూర్చే కోర్‌టెక్స్ట్‌ది.

ఫిబ్రవరి 19న ఆపిల్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిచేసింది. ఆ ప్రకటనని ఓసారి సాహిత్య విమర్శకుల్లా చదవండి. కొన్ని అక్షర వరసల వల్ల యాప్‌లు కూలేవి, సరిచేశాం అంటుంది. భద్రతా నోట్‌లో సీవీఈ-2018-4124 అనే నంబరుంది, మెమరీ పాడయ్యేదన్న మాటుంది. ఏ లిపి? ఏ వరస? ఎందుకు? ఆ ముక్క లేదు. ఆ కంపెనీకి చేరే బగ్ రిపోర్టులు బయటివాళ్లకి కనబడవు. అందుకే జనం జ్ఞాపకంలో మిగిలింది ‘తెలుగు బగ్’ అన్న శీర్షికే.

మొజిల్లా బగ్‌జిల్లా దీనికి ఎదురు ఉదాహరణ. అక్కడ 1998 నాటి రిపోర్టులు ఇప్పటికీ చదవొచ్చు: ఏం చేస్తే ఏం జరిగింది, ఎవరు ఏమని వాదించారు, ఏ మందు పనిచెయ్యలేదు. కోడ్ చూస్తే ఇప్పుడేముందో తెలుస్తుంది; అలా ఎందుకుందో చెప్పేది పాత రిపోర్టే. అది లేకపోతే, రేపొచ్చే కుర్రాడు అనవసరమనుకుని ఒక తనిఖీ తీసేస్తాడు. పాత జబ్బు మళ్లీ తిరగబెడుతుంది.

పాతవన్నీ చెత్త, జాబితా పెరిగిపోతోంది అనేవాళ్ల బాధ అబద్ధం కాదు. అయితే మూసెయ్యండి, చెరిపెయ్యకండి. రిపోర్టులో ఎవరి సొంత వివరాలైనా ఉంటే అవి తీసెయ్యండి, చాలు. కడపలో బ్రౌన్ పండితుల చేత తాళపత్ర ప్రతులు పోల్పించి పాఠభేదాలు రాయించాడు. తప్పు పాఠమని తోచిందాన్నీ పారెయ్యకపోవడం వల్లే మనకి తర్వాత తర్కించే వీలు మిగిలింది.

బగ్ రిపోర్టు కూడా పాఠభేదమే. అది ఉంటే, తప్పు ఎక్కడ జరిగిందో చూపించొచ్చు. లేకపోతే నింద ‘జ్ఞా’ మీదే ఉండిపోతుంది.