అంతమాత్రాన ‘పెరో’

ఇటాలియన్‌లో ‘పెరో’ రెండక్షరాల మాట. ఊనిక రెండో అక్షరం మీద. రాసేటప్పుడు దాని నెత్తిన ఓ చిన్న ఏటవాలు గీత. ఆ గీత తీసేసి, ఊనిక మొదటి అక్షరానికి జరిపితే ‘పేరో’, అంటే పియర్ చెట్టు. గీత ఉంటే ‘అయినా’, ‘కాకపోతే’ అని అర్థం.

దీని పుట్టుక చూస్తే అబ్బురం. లాటిన్‌లో ‘పెర్ హోక్’ అంటే ‘దీనివల్ల’. హకారం, చివరి ‘క్’ అరిగిపోగా మిగిలింది పెరో. మధ్యయుగపు ఇటాలియన్ కవి దాంతే రచనల్లో అది ‘అందుకని’ అనే అర్థంలోనే విరివిగా కనబడుతుంది. కారణం చెప్పే మాట, కారణానికి ఎదురుతిరిగే మాటగా ఎలా మారింది?

తెలుగువాళ్లకి ఇది తేలిగ్గానే అందుతుంది. ‘వాన పడింది. అంతమాత్రాన పెళ్లి ఆగలేదు’ అంటాం. అంతమాత్రాన అంటే ఆ కాస్త కారణం చేత అనే కదా! పక్కన ‘లేదు’ చేరేసరికి ‘వాన పడినా’ అన్న భావం వచ్చేసింది. ఇటాలియన్లూ ‘కాదు’ అనే ‘నోన్’ చేర్చి ‘నోన్ పెరో’ అనగా అనగా, ఆ కాదనడమంతా పెరోలోకే ఇంకిపోయింది. ఆ తర్వాత పక్కన ‘నోన్’ లేకపోయినా దాని పని అదే చేసుకుంటోంది. ఫ్రెంచి ‘పుర్తాఁ’ది కూడా ఇదే దారి, విడదీస్తే అది అచ్చంగా మన ‘అంతమాత్రాన’. మన మాటకి మాత్రం ఇప్పటికీ ఓ ‘లేదు’, ‘కాదు’ తోడుండాలి, లేదా ఓ ఎదురుప్రశ్న.

స్పానిష్‌లోని చుట్టం ‘పెరో’ మామూలుగా వాక్యం ముందే ఉంటుంది. ఇటాలియన్ పెరో ఎక్కడైనా ఇముడుతుంది. ‘బ్వోనో. కారో, పెరో.’ బాగుంది, ధర మాత్రం ఎక్కువ. ముందు అభ్యంతరం చెప్పేసి, అది ఎదురుమాట అని చివర్లో మెల్లగా గుర్తుచేయడం ఎంత నాజూకైన పని! ఇటాలియన్‌లో ‘మా’ అన్నా ‘కానీ’ అనే. రెండూ కలిపి ‘మా పెరో’ అనకూడదని బళ్లో దిద్దుతారు. కానీ అలా దాంతే రాశాడు, నవలాకారుడు మాంజోనీ రాశాడు. 1583లో ఫ్లోరెన్స్‌లో పుట్టిన ఇటాలియన్ భాషా సంస్థ క్రుస్కా అకాడమీ కూడా తప్పు కాదంటుంది. నేనూ అటే.

నాకు మరీ ఇష్టమైంది ఒంటరి పెరో. ఏదైనా అనుకున్నదానికంటే బాగుంటే కనుబొమలెత్తి, చివరి ఓకారం కాస్త సాగదీసి ‘పెరో!’ అంటారు, మనం ‘ఫర్వాలేదే!’ అన్నట్టు. దాని ముందు వాక్యమేదీ ఉండదు. కాదన్నది మనసులోని తమ అంచనానే.