దిగులుమందులు – గుండెకు హెచ్చరిక: ఒక విమర్శ

మందును గూర్చిన హెచ్చరికయు ఒక రచనయే. దానినిగూడ విమర్శింపవచ్చును. అది చెప్పినది నిజమా? చెప్పవలసినదంతయు చెప్పినదా? చదివినవారు దానివలన ఏమి చేసిరి? ఈ మూడు ప్రశ్నలతో, 2011 ఆగస్టులో అమెరికా ఆహార, ఔషధ పాలనాసంస్థ సిటలోప్రామ్ అను దిగులుమందును గూర్చి వెలువరించిన ప్రకటనను పరిశీలింతము.

అమెరికా ప్రకటనతో ముస్తాబాదులోని రోగికి పని యేమి యని పాఠకులు అడుగవచ్చును. ఆ మందుకు తోబుట్టువైన ఎస్సిటలోప్రామ్ మన దేశపు 2022 నాటి అత్యవసర ఔషధముల జాతీయ జాబితాలో చేరియున్నది. సిరిసిల్ల మరమగ్గముల ప్రాంతమున అప్పులవలన, పనిలేమివలన నేతపనివారు ప్రాణములు తీసికొన్న వార్తలు ఈ శతాబ్దారంభమునుండి మనము చదివినవే. ఇట్టి చోట దిగులుకు చికిత్స చిన్న విషయము కాదు. ఆ చికిత్సను గూర్చి పుట్టు భయమును చిన్న విషయము కాదు.

మొదట గుండె సంగతి చూతము. ఇ.సి.జి. కాగితముపై కనబడు ఎత్తుపల్లములకు పి, క్యూ, ఆర్, ఎస్, టి అని పేర్లు. క్యూ మొదలుకొని టి ముగియువరకు గల కాలమును క్యూ.టి. వ్యవధి యందురు. గుండె క్రింది గదులు విద్యుత్ప్రేరణ పొంది, తిరిగి తరువాతి ప్రేరణకు సిద్ధమగుటకు పట్టుకాలమే యిది. కణములలోని పొటాషియము వెలుపలికి పోవుటవలన ఈ సిద్ధత కలుగును. కొన్ని మందులు ఆ పొటాషియము దారిని కొంత మూయును. అప్పుడు వ్యవధి పెరుగును. మరమగ్గముపై నాడె అవతలి పెట్టెను చేరకముందే తరువాతి దెబ్బ పడినచో పడుగు పోగులు తెగిపోవును గదా! అట్లే గుండె సిద్ధము కాకముందే మరియొక ప్రేరణ కలిగినచో దాని లయ తెగును. దీనివలన కలుగు ఒక ప్రమాదకరమైన లయభంగమును 1966లో దెసర్తెన్ అను ఫ్రెంచి వైద్యుడు వర్ణించెను.

ఇక మొదటి ప్రశ్న. ప్రకటన చెప్పినది నిజమే. సిటలోప్రామ్ దినమునకు 20 మిల్లీగ్రాములు వాడినప్పుడు వ్యవధి సగటున 8.5 మిల్లీసెకండ్లు, 60 మిల్లీగ్రాములు వాడినప్పుడు 18.5 మిల్లీసెకండ్లు పెరిగినట్లు పరీక్షలో తేలెను. ఎస్సిటలోప్రామ్ 10 మిల్లీగ్రాములకు పెరుగుదల 4.5 మిల్లీసెకండ్లు మాత్రమే. మోతాదుతోపాటు ఫలితము పెరుగుచున్నది కావున 40 మిల్లీగ్రాములు మించరాదని సంస్థ చెప్పుట అకారణము కాదు. 2012 మార్చిలో సవరించిన ప్రకటనలోను 60 ఏండ్లు దాటినవారికి 20 మిల్లీగ్రాములే పరిమితి యని చెప్పిరి.

రెండవ ప్రశ్నకు వచ్చుసరికి లోపము కనబడును. మిల్లీసెకండు ఒక గుర్తేగాని రోగము కాదు. ఆ వ్యవధి 500 మిల్లీసెకండ్లు దాటినప్పుడు వైద్యులు గట్టిగా జాగ్రత్తపడుదురు. సగటున పది పదునెనిమిది పెరిగినంతమాత్రమున ఎందరి గుండె లయ తప్పును? రోగికి కావలసిన లెక్క ఇది. ప్రకటనలో అది లేదు.

మూడవ ప్రశ్నకు సమాధానము తరువాతి సంవత్సరములలో లభించెను. అమెరికా మాజీ సైనికులలో సిటలోప్రామ్ వాడిన 6,18,450 మంది వివరములను 2013లో ప్రకటించిరి. 40 మిల్లీగ్రాములు మించి వాడినవారిలో లయభంగములు ఎక్కువ కాలేదు. పెద్ద మోతాదు మొదటినుండి గట్టివారికే ఇచ్చియుండవచ్చును గనుక, ఇంతమాత్రమున ఆ మోతాదు నిరపాయమని తీర్పు చెప్పరాదు. కాని 2016లో వచ్చిన మరియొక పరిశీలన ఆలోచింపదగినది. పెద్ద మోతాదు వాడుచుండిన 35,848 మందిలో నూటికి సుమారు 60 మందికి, హెచ్చరిక వెలువడిన ఆరు నెలలలోనే మోతాదు తగ్గించిరి. తగ్గించిన తరువాత ఆసుపత్రిలో చేరుటలు పెరిగెను. లయభంగమువలన చేరుటలుగాని మరణములుగాని చెప్పదగినంత తగ్గలేదు. గుండెను కాపాడబోయి మనస్సును విడిచినట్లయ్యెను.

అట్లని హెచ్చరికలన్నియు అతిశయోక్తులని తలపరాదు. 1957లో స్విట్జర్లాండు వైద్యుడు రోలాండ్ కూన్ వెల్లడించిన ఇమిప్రమిన్, 1961లో వాడుకకు వచ్చిన అమిట్రిప్టిలిన్ పాత తరపు మందులు. ఇవి గుండెలో సోడియము దారినే అడ్డును. మోతాదు మించి మ్రింగినచో ప్రాణాంతకములు. గుండెపోటు వచ్చినవారికి ఇవి తగవు. అమిట్రిప్టిలిన్ నేటికిని నరముల నొప్పికి, పార్శ్వపు తలనొప్పికి వాడుకలో నున్నది. దానిని దిగులుమందని ఎరుగకయే వాడువారు కలరు. ఇందుకు భిన్నముగా, గుండెపోటుకో తీవ్రమైన గుండెనొప్పికో గురియై దిగులుతో నున్న 369 మందికి సెర్‌ట్రలిన్‌గాని ఉత్తమాత్రగాని ఇచ్చి చూడగా, సెర్‌ట్రలిన్‌వలన గుండె పనితనము తగ్గలేదని 2002లో తేలెను. దిగులును చికిత్స లేక వదలుటయు గుండెకు మేలు కాదు. గుండెపోటు వచ్చిన 222 మందిని పరిశీలించిన 1993 నాటి నివేదికలో, దిగులున్నవారు తరువాతి ఆరు నెలలలో మరణించుట మిగిలినవారిలోకంటె అధికముగా నుండెను.

ఇన్ని భేదములు గల విషయమును మన తెలుగు ఆరోగ్య శీర్షికలు తరచు ఒకే మాటతో ముగించుచున్నవి: “ఈ మందులవలన గుండెకు దుష్ప్రభావము.” నోరెండుటయు దుష్ప్రభావమే, గుండె ఆగుటయు దుష్ప్రభావమే! మాటలోనే తీర్పున్నది, తూనిక లేదు. లయభంగమునుగూడ ‘గుండెపోటు’ అని వ్రాయుట మరియొక దోషము. గుండెపోటు రక్తనాళము మూసికొనుటవలన వచ్చునది. లయభంగము విద్యుత్తునకు సంబంధించినది. రెంటికిని జాగ్రత్తలు వేరు.

ఇంతకంటె పెద్ద దోషము మరియొకటి. భయపెట్టు వాక్యమును తెచ్చుకొని, మనకు పనికివచ్చు వాక్యమును అక్కడనే వదలితిమి. సిటలోప్రామ్‌ను కాలేయములో అరగదీయు ఎంజైములలో సి.వై.పి. 2 సి 19 ముఖ్యమైనది. అది మందకొడిగా పనిచేయువారికిని, దానిని అడ్డుకొను మందులు వాడువారికిని 20 మిల్లీగ్రాములు మించరాదని 2012 ప్రకటన చెప్పుచున్నది. అట్టి మందకొడి ఎంజైము గలవారు యూరపు జనులలోకంటె దక్షిణ భారతీయులలో ఎక్కువ. ఆ ఎంజైమును అడ్డుకొను మందులలో ఒమెప్రజోల్ ఒకటి. మన ఊళ్ళలో గ్యాసు మాత్రయని చీటీ లేకయే కొని మ్రింగునది అదే.

కావున తెలుగులో హెచ్చరిక ఇట్లుండవలెను: మందు పేరు, మోతాదు చెప్పవలెను. 60 ఏండ్లు దాటినవారు, తరచు మూర్ఛపోవువారు, వంశమున చిన్న వయస్సులో హఠాన్మరణములు గలవారు మందు మొదలు పెట్టకముందే వైద్యునకు తెలిపి ఇ.సి.జి. తీయించుకొనవలెను. వాంతులు, విరేచనములు ఎక్కువైనచో పొటాషియము తగ్గును గనుక అప్పుడును వైద్యునకు చెప్పవలెను. గ్యాసు మాత్రలు, ఎరిత్రోమైసిన్, అజిత్రోమైసిన్, డోంపెరిడోన్ వంటివి వాడుచున్నచో దాచరాదు. మందు నడుచుచుండగా స్పృహ తప్పినచో ఆలస్యము లేక ఆసుపత్రికి పోవలెను. వార్త చదివి తనంతట తాను మందు హఠాత్తుగా మానరాదు. మనస్సు మరీ క్రుంగినచో 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ సంఖ్య 14416కు ఏ వేళనైనను ఫోను చేయవచ్చును.

ఇందులో కఠినమైన శాస్త్రమేమియు లేదు. ముస్తాబాదు మందుల దుకాణము గోడపై అంటింపదగిన ఒక కాగితములో ఇమిడిపోవును. శాస్త్రమును తెలుగులో వ్రాయువారు ముందు ఆ కాగితమును వ్రాయవలెను.