కొలువు బొమ్మకు ధర గీత ఎందుకు?

రామంతాపూర్‌లోనూ, ఇటు ఉప్పల్, అటు నాచారం కాలనీల్లోనూ బొమ్మల కొలువు ఏడాదిలో రెండు కాలాల్లో కనిపిస్తుంది. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ ఇళ్లలో ఎక్కువగా సంక్రాంతికి పెడతారు, మరికొన్ని ఇళ్లలో దసరా నవరాత్రులకు. మెట్లు మూడో, అయిదో, ఏడో, బేసి లెక్కలో ఉంటాయి. ఏటా కనీసం ఒక్క కొత్త బొమ్మయినా చేర్చాలన్నది ఆనవాయితీ. పేచీ అంతా ఆ కొత్త బొమ్మ దగ్గరే. పేరంటానికి వచ్చినవాళ్లు దాన్ని ఇట్టే పసిగట్టి "ఇదెంత పడింది వదినా?" అంటారు. జవాబు వినగానే "చెక్కబొమ్మకి అంతా!" అని బుగ్గలు నొక్కుకుంటారు. ఆ మాట రెండేళ్లు వింటే చాలు, ఇల్లాలు తనకు తానే ఒక గీత గీసుకుంటుంది: ఇకమీదట అయిదొందలు దాటిన బొమ్మ కొనేది లేదు.

బొమ్మలు సేకరించేవాళ్లలో చాలామందికి ఇలాంటి గీత ఒకటి ఉంది. పైకి అది పొదుపు. నిజానికి దానివల్ల కొలువుకూ నష్టమే, బొమ్మ చేసేవాళ్లకూ నష్టమే అని నా గట్టి నమ్మకం. ఖర్చుకు హద్దు ఉండాల్సిందే. ఆ హద్దేదో ఏడాది మొత్తానికి పెట్టుకుంటే మంచిది. ఒక్కో బొమ్మకు పెట్టుకుంటేనే చిక్కు.

ఆ చిక్కేమిటో తెలియాలంటే కొండపల్లి పని తెలియాలి. విజయవాడ పక్కనే, ఇప్పటి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్న ఈ ఊళ్లో బొమ్మల పని ప్రధానంగా ఆర్యక్షత్రియ కుటుంబాలది. తమ మూలపురుషుడు ముక్తర్షి అనీ, పూర్వీకులు రాజస్థాన్ ప్రాంతం నుంచి వచ్చారనీ వాళ్లు చెప్పుకుంటారు. వాళ్లు వాడేది తెల్లపొనికి కర్ర. చాలా తేలిక, మెత్తన. ఉలికి ఎదురు చెప్పదు. ఆ మెత్తదనమే దాని బలహీనత కూడా. పచ్చితనం మిగిలితే బిగుస్తుంది, పగులుతుంది. అందుకే కర్రను ఎండబెట్టి, సన్నని సెగ మీద కాచి, లోపలి తేమంతా పోయాకే పనిలోకి దిగుతారు. సెగ ఎక్కువైతే కర్ర కమిలిపోతుంది, తక్కువైతే తేమ దాక్కుంటుంది. ఇక్కడ తొందరపడ్డ బొమ్మ రెండు మూడేళ్లకు అటకమీద మెడ దగ్గర చీలుతుంది. కొన్ననాడు మాత్రం ఎవరికీ తెలియదు.

తర్వాత చెక్కడం. అంబారీ ఏనుగునే తీసుకోండి. ఒకే దుంగలోంచి మొత్తం రాదు. ఏనుగు ఒంటిని ఒక ముక్కలో చెక్కుతారు. తొండం, చెవులు, దంతాలు, అంబారీ స్తంభాలు, పైకప్పు, లోపల కూర్చున్న రాజు, ముందున్న మావటి, ఆ మావటి చేతులు, అన్నీ విడివిడి. బాడిసెతో ఉజ్జాయింపుగా రూపం తెచ్చి, ఉలితో తీర్చి, ఆకురాయితో నునుపు చేస్తారు. ముక్కలన్నీ మక్కుతో అతుకుతారు. మక్కంటే చింతగింజల పొడీ, రంపపు పొట్టూ కలిపిన ముద్ద. అతకడంతో దాని పని అయిపోదు. చెక్కలో రాని ఒంపులు, బుగ్గల నిండుదనం, కుచ్చెళ్ల మడతలు చాలావరకు మక్కుతోనే వస్తాయి. అది ఆరాలి, మళ్లీ రుద్దాలి. ఆపైన సున్నపు పూత, అదీ ఆరాక రంగు, చివర మేకవెంట్రుకల కుంచెతో కళ్లు, కనుబొమలు, జరీ అంచులు.

ఇంటిల్లిపాదీ ఇందులో ఉంటారు. చెక్కడం ఒకరిది, రంగులు మరొకరిది. రంగుల పనిలో ఆడవాళ్ల చెయ్యి చాలా ఉంది, కానీ బొమ్మ ధర చెప్పేటప్పుడు ఆ చేతిని లెక్కలోకి తీసుకునేవాళ్లు తక్కువ.

ఇప్పుడు అయిదొందల గీతను ఈ పని మీద పెట్టి చూడండి. కర్ర ఖర్చు తగ్గదు. పొనికి చెట్టు అడవిలో పెరిగేది. కొండపల్లి చుట్టుపక్కల అది పలచబడ్డాక సంపాదించడమే కష్టమైంది. రంగుల డబ్బాల ధర తగ్గదు. తగ్గించగలిగింది పనిగంటలొక్కటే. మక్కు రెండోసారి రుద్దడం మానేస్తారు. మావటి వేళ్లు విడదీయకుండా ఒకే ముద్దగా ఉంచేస్తారు. ఆకుల, గింజల రంగులు కాచే ఓపిక పోయి, తొందరగా ఆరే ఎనామిల్ వస్తుంది. అంచుల గీతలు మూడున్నచోట ఒకటి పడుతుంది. కొనేవాళ్లందరూ ఒకే గీత దగ్గర ఆగితే, చేసేవాళ్లందరూ ఆ గీతకు సరిపోయే బొమ్మే చేస్తారు. ఒక తరం అలా గడిస్తే వేళ్లు విడదీయడం తెలిసిన చెయ్యే ఉండదు. తర్వాత ఎవరైనా ఎంతిస్తామన్నా ఆ బొమ్మ రాదు.

అలాగని చవక బొమ్మను నేను తక్కువ చేయను. ఏటికొప్పాక సంగతి చూస్తే దాని విలువ తెలుస్తుంది. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఊరది. అక్కడి కర్ర అంకుడు. దాన్ని లేత్ మీద గిర్రున తిప్పుతూ ఉలితో గుండ్రని రూపాలు తీస్తారు. రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న బొమ్మకు అదిమి పట్టుకుంటే, రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. తర్వాత మొగలి ఆకుతో అదిమితే అద్దంలాంటి మెరుపు. కుంచె అక్కర్లేదు, ఆరబెట్టే పనీ లేదు. చెయ్యి తిరిగినవారికి కుంకుమ భరిణె, బొంగరం, లక్కపిడత చకచకా వచ్చేస్తాయి. అందుకే అవి చవక. ఆ ధర న్యాయమైనదే, దానికి పట్టిన పని అంతే కాబట్టి. పని నేర్చుకునే కుర్రాళ్ల చెయ్యి కుదిరేదీ వాటిమీదే, వారంవారం ఇల్లు గడిచేదీ వాటితోనే. కొలువులో కింది మెట్టు నిండా లక్కపిడతలు పెట్టి, వాటితో పిల్లలను ఆడుకోనిచ్చే ఇల్లంటే నాకు చాలా ఇష్టం.

ఆ పిల్లల చేతుల గురించే ఇంకో మాట. లక్కలో కలిపే రంగు ఏమిటన్నది ధరను మార్చేస్తుంది. రసాయన రంగు పొడి సంచీలో దొరుకుతుంది. పసుపు నుంచి, నీలిమందు నుంచి, జాఫ్రా గింజల నుంచి రంగు తీయాలంటే కాచాలి, వడకట్టాలి, లక్కలో నిలిచేలా కుదర్చాలి. ఈ ఊరి చింతలపాటి వెంకటపతి రాజుగారు ఏళ్ల తరబడి చేసిన కృషి ఇదే. సహజ రంగులను మళ్లీ ఇక్కడి పనివాళ్ల చేతికి తెచ్చినందుకు ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చింది. ఏటికొప్పాక బొమ్మకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2025 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఢిల్లీ కర్తవ్యపథ్‌లో ఊరేగినవీ ఈ బొమ్మలే. రెండు లక్కపిడతల సెట్లు పక్కపక్కన పెట్టి, ఒకటి రెట్టింపు ధర అంటే, దేనితో రంగు వేశారని ముందు అడగండి. పసిపిల్ల నోట్లో పెట్టుకునే వస్తువు అది. అక్కడ చవకను ఎంచుకోవడం నాకు సమ్మతం కాదు.

నిజంగా దూరంగా ఉండాల్సిన చవక వేరే ఉంది. అచ్చులో పోసి, మీద నిగనిగలాడే రంగు కొట్టి, "కొండపల్లి మోడల్" అని అమ్మే బొమ్మలు. 2020లో కేంద్రం బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. బయటినుంచి వచ్చే ప్లాస్టిక్ సరుకును అది కొంత ఆపగలదు. ఇక్కడే అచ్చుపోసిన నకలును ఏ సుంకం ఆపుతుంది? దాన్ని ఆపవలసింది కొనేవాళ్ల కళ్లే.

ఆ చూపు అలవాటు చేసుకోవడం కష్టమేమీ కాదు. ఉప్పల్ భగాయత్‌లోని శిల్పారామానికి వెళ్లినా, లేపాక్షి, గోల్కొండ ఎంపోరియాలకు వెళ్లినా బొమ్మను చేతిలోకి తీసుకుని తిరగేయండి. కొండపల్లిదైతే చూపుకు ఆనిన దానికంటే తేలిగ్గా ఉండాలి. భుజం, మెడ అతుకుల దగ్గర గోటితో తడిమితే గాడి తగలకూడదు. అడుగుభాగం, వీపు చూడండి. నిజాయతీగా పనిచేసినవారు ఎవరూ చూడని చోటా రంగు సరిగ్గా వేస్తారు. రెండు కళ్లూ ఒకేవైపు చూస్తున్నాయా? ఒకే రకం బొమ్మలు రెండు పక్కన పెడితే చిన్నచిన్న తేడాలు కనిపించాలి. వెంట్రుకవాసి తేడా కూడా లేకపోతే అది అచ్చు. ఇవన్నీ సరిపోయాక చెప్పిన ధరను సగానికి అడగడం మర్యాద కాదు.

ఖరీదైన బొమ్మంటే డబ్బున్నవాళ్ల సరదా అనుకోవడం మన చరిత్రకే సరిపడదు. ఉప్పల్ చౌరస్తాలో వరంగల్ బస్సెక్కి, జనగామ దాకా పోయి, అక్కడినుంచి పక్కకు తిరిగితే చేర్యాల వస్తుంది. ఇప్పుడు సిద్దిపేట జిల్లా. అక్కడి నకాషీ చిత్రకారుల పటాలు, ముఖాలు, బొమ్మలు ఈమధ్య డ్రాయింగ్ రూముల్లోకి వచ్చాయి గానీ, అవి పుట్టింది పల్లె కథల కోసం. ఒక్కో కులానికి కథ చెప్పే ఆశ్రిత కళాకారులుండేవాళ్లు. వాళ్లు నకాషీల దగ్గర పటం గీయించుకునేవారు. గొల్లలకు కాటమరాజు కథ చెప్పే మందహెచ్చులవారైతే పటానికి బదులు బొమ్మల సమూహమే చేయించుకునేవారు. పొనికి చెక్క, చింతగింజల అంబలి, రంపపు పొట్టు, తెల్లసుద్ద, మీద ఎర్రటి రంగులు. ఒక్కో బొమ్మను చూపిస్తూ రాత్రంతా కథ నడిపేవారు. కథకులను పోషించింది పల్లెల్లోని గొల్ల కుటుంబాలే. అంటే ఆ బొమ్మల ఖర్చు మోసింది మేకలూ గొర్రెలూ కాసుకునే జనం, అందరూ కలిసి. తమ కథకు తగిన బొమ్మ కావాలనుకున్నారు, చేయించుకున్నారు. అపార్ట్‌మెంట్‌లో నలుగురు అక్కాచెల్లెళ్లలాంటి ఇరుగుపొరుగు కలిసి చేర్యాల బొమ్మల సెట్టు ఒకటి చేయించుకుని, ఏటా ఒక్కొక్కరి కొలువులో పెట్టుకుంటే తప్పేముంది? నాకైతే అది పాత పద్ధతికి చాలా దగ్గరగా అనిపిస్తుంది.

జపాన్‌లో మార్చి 3న ఆడపిల్లల కోసం పెట్టే హినా బొమ్మల మెట్లు మన కొలువును తలపిస్తాయి. అక్కడ పిల్ల పుట్టినప్పుడు అమ్మమ్మా తాతయ్యా సెట్టు కొనివ్వడం వాడుక. తల్లి నుంచి కూతురికి దాటే సెట్లూ ఉన్నాయి. మన దక్షిణాది ఇళ్లలో ఎర్రచందనపు మరపాచి జంటదీ అదే దారి, పెళ్లయిన కూతురి సారెతో వెళుతుంది. అలా రెండు మూడు తరాలు నిలిచే బొమ్మకు పెట్టిన డబ్బును ఒక్క పండగ ఖర్చుగా లెక్కేయకూడదు. అయితే రేపు ధర పెరుగుతుందని కొనడం వేరు, అది నాకు నచ్చదు. 1959లో 3 డాలర్లకు అమ్మిన తొలి బార్బీ ఇవాళ వేల డాలర్లు పలుకుతోందని కొందరు చెబుతారు. ఆ ధర పెట్టె విప్పని బొమ్మకు, ఎవరూ ఆడుకోని బొమ్మకు. కొలువు బొమ్మ ఏటా పెట్టె విప్పుకుని బయటికి రావడానికే పుట్టింది. కార్టూనిస్టు శంకర్ ఢిల్లీలో 1965లో తెరిచిన బొమ్మల మ్యూజియం కూడా ఒక హంగరీ బొమ్మతో మొదలైంది. అది కానుకగా వచ్చింది, ఖరీదు చూసి చేర్చింది కాదు.

కొన్నాక దాచడం తెలియకపోతే పెట్టిన డబ్బంతా దండగ. పొనికికి తేమా పురుగూ శత్రువులు. పండగ అయ్యాక ప్లాస్టిక్ కవర్లో బిగించకండి, లోపల చెమర్చి రంగు లేస్తుంది. పాత నూలు చీర ముక్కల్లో చుట్టి, ఎండిన వేపాకు వేసి, గాలి ఆడే అట్టపెట్టెలో పెట్టండి. వానాకాలం తర్వాత ఒకసారి తీసి నీడలో ఆరనివ్వండి. లక్క బొమ్మను పొడి గుడ్డతోనే తుడవాలి. శానిటైజర్, స్పిరిట్ తగిలితే లక్క కరిగి మచ్చ పడుతుంది. ఎండలో పెడితే మెత్తబడుతుంది. కొండపల్లి బొమ్మకు చెయ్యి ఊడితే పారేయకండి, మక్కుతో అతికిన బొమ్మను మక్కుతోనే మళ్లీ అతకవచ్చు.

ఇక డబ్బు లెక్క. ఏటా కొలువుకు మూడువేలు అనుకునే ఇంట్లో ఆరు అయిదొందల బొమ్మలు కొనే బదులు, ఒక ఏడాది లక్కపిడతలు, బొంగరాలు మాత్రమే తీసుకుని మిగిలింది పక్కన పెట్టవచ్చు. మరుసటి ఏడు ఆ మిగులూ, కొత్త ఏటి డబ్బూ కలిపి ఒక మంచి దశావతారాల సెట్టుకో, అంబారీకో వెళ్లవచ్చు. ఆ ఏడు వేరే కొత్త బొమ్మ రాకపోయినా కొలువు చిన్నబోదు. అంబారీ కావాలనుకుంటే పండగ ముందు అంగడికి పరుగెత్తకండి. అప్పటికి అక్కడ ఉండేది తొందరలో చేసిన సరుకే. దసరా కొలువుకైతే ఆషాఢంలో, సంక్రాంతికైతే దీపావళి వెళ్లగానే కొండపల్లి బొమ్మల కాలనీలో చేసేవాళ్లతోనే మాట్లాడండి. ఏ రంగులు కావాలో, వేళ్లు విడిగా ఉండాలో లేదో చెప్పి, కర్రకు సరిపడా అడ్వాన్స్ ఇచ్చి రండి.