‘ప్లేటో అకాడమీ’: ఒక గ్రీకు హాస్యచిత్రము

హాస్యము రెండు విధములు. పరుల లోపములను జూపి నవ్వించునది యొకటి. నవ్వుచున్నవానినే నవ్వులకు గుఱిచేయునది మఱియొకటి. మొదటిది సులభము. రెండవది కష్టము; సంఘమున కుపకరించునదియు నదియే. ఫిలిపోస్ త్సిటోస్ 2009వ సంవత్సరమున వెలువరించిన ‘ప్లేటో అకాడమీ’ యను గ్రీకు చలనచిత్ర మీ రెండవ తెగకు జెందినది.

క్రీస్తునకు బూర్వము నాలుగవ శతాబ్దమున ప్లేటో విద్యాపీఠము నెలకొల్పిన తావు నేడు ఏథెన్సు నగరమందలి యొక పేట. నాటి పేరే దానికి నిలిచియున్నది. అచ్చట స్టావ్రోస్ అనునతడు సిగరెట్లమ్ము చిన్న యంగడి పెట్టుకొని, మిత్రులతో గూడి వాకిట గుర్చీలు వేసికొని ప్రొద్దు పుచ్చుచుండును. పొట్టకూటికై వచ్చి యా వీథిలో బనిచేయు ఆల్బేనియనులను గేలిచేయుటయే వారి వినోదము. అచ్చటి కుక్క పేరు ‘పేట్రియట్’, అనగా దేశభక్తుడు. అదియు ఆల్బేనియనులను జూచినప్పుడే మొఱుగును!

1991 ప్రాంతమున ఆల్బేనియాలో సామ్యవాద ప్రభుత్వము కూలిన పిమ్మట లక్షలకొలది జనులు పొరుగుననున్న గ్రీసునకు వలస వచ్చిరి. పొలములలోను గట్టడములలోను గష్టమైన పనులు వారి పాలయ్యెను. అనుమానములును నిందలును వారి పాలే యయ్యెను. దర్శకుడు దీనిని ధర్మోపన్యాసముగా జెప్పలేదు. ముదిమిచే నీరసించిన స్టావ్రోస్ తల్లి యొకనాడొక ఆల్బేనియను కూలివానిని గౌగిలించుకొని, కుమారా యని పిలిచి, ఆల్బేనియను భాషలో ధారాళముగా మాటలాడును. కొడుకునకు ఆ భాషలో నొక్క ముక్కయు రాదు. తానెవ్వరి బిడ్డయో వానికే సందేహము. నిన్నటివఱకు దనతో గలిసి నవ్విన మిత్రులు నేడు తనవంక నోరగా జూతురు.

వాని మొగము మాఱలేదు, నడవడి మాఱలేదు, అంగడియు మాఱలేదు. మాఱినది జాతినామ మొక్కటి. అంతమాత్రమున మిత్రుడు పరుడగునేని, ఆ మైత్రి యేపాటిది? ఆ జాతిగర్వ మేపాటిది? ఆకసముపై నుమిసిన దన మొగముననే పడునను సామెతకు స్టావ్రోస్ కథ చక్కని యుదాహరణము. ఈ పాత్రను ధరించిన ఆంటోనిస్ కాఫెట్జోపులోస్‌నకు లొకార్నో చిత్రోత్సవమున 2009లో నుత్తమ నటుని బహుమానము లభించెను. అది తగిన గౌరవమే.

అయినను ఒక లోపము చెప్పకతప్పదు. కొడుకు సిగ్గునకు దొరకిన చోటు తల్లి మౌనమునకు దొరకలేదు. కన్నబిడ్డకు సైతము వినబడకుండ ఆమె తన మాతృభాషను ఇన్నేండ్లు దాచుకొన్నది. ఆ దాపఱికము వెనుక నెంత భయము, ఎంత దుఃఖము నుండవలెను! చిత్రము ఆమెను గథకు గారణముగా వాడుకొన్నదే కాని, ఆమె మనసులోనికి మనలను దగినంత కొనిపోలేదు. స్త్రీ యొక్క కష్టము పురుషుని వివేకోదయమునకు సాధనముగా మాత్రమే మిగులుట కథలలో బాతబడిన యలవాటు. ఇట్టి మేలిచిత్రము సైతము దానిని విడువలేకపోయినది.

ఐనను ఇది కుటుంబమంతయు గూర్చుండి చూడదగిన చిత్రము. ఫలానివారు పరులని బిడ్డలకు నేర్పుటకు ముందు, మన యవ్వ యే భాషలో జోల పాడెనో విచారించుకొనుట మేలని యిది నవ్వుచు నేర్పుచున్నది.